భయం, తెగువ పద్యంలో ఎక్కడ ఉంటాయి? పోతన అష్టమ స్కంధంతో ఒక సమగ్ర మార్గదర్శి

నాన్నకు ఆపరేషన్ జరుగుతున్న రోజు అమ్మ బయట కుర్చీలో కూర్చుని "లావొక్కింతయు లేదు" పద్యం పదే పదే చదువుకుంటోంది. చిన్నప్పటి నుంచి ఆమె నోట వింటున్న పద్యమే. ఆ రోజు మాత్రం ఒక సంగతి చెవిన పడింది. అమ్మ పద్యపాదం చివర ఆగడం లేదు. "లేదు" దగ్గర ఆగుతోంది. "అయ్యె" దగ్గర ఆగుతోంది. "వచ్చె" దగ్గర ఆగుతోంది. ఒక్కో క్రియకు ఒక్కో ఊపిరి. అలా చదవమని ఆమెకు ఎవరూ నేర్పలేదు. పద్యమే ఆమెను అక్కడక్కడ ఆపుతోంది.

గజేంద్రుడు భయపడ్డాడని మనందరికీ తెలుసు. ఆ భయాన్ని కవి చదివేవాళ్ల ఊపిరిలోకి ఎలా ఎక్కించాడన్నది మాత్రం ఆ రోజు నుంచే నేను వెతకడం మొదలుపెట్టాను. వెతకగా చేతికొచ్చిన పద్ధతిని ఇక్కడ ఒక్కో అడుగుగా చెబుతాను. పద్యాలు ఇష్టంగా చదివేవాళ్లకు, పిల్లలకు తెలుగు పాఠం చెప్పేవాళ్లకు, సొంతంగా కవిత రాసుకునేవాళ్లకు పనికొస్తుంది.

ముందు దగ్గర పెట్టుకోవలసినవి

పుస్తకం ఒక్కటి చాలు. 15వ శతాబ్దంలో బమ్మెర పోతన రాసిన ఆంధ్ర మహాభాగవతంలోని అష్టమ స్కంధం. దీన్నే ఎందుకు ఎంచుకున్నానంటే, మనకు కావలసిన మూడు కథలూ అందులో వరసగా ఉన్నాయి. మొసలి నోట చిక్కిన గజేంద్రుడు. హాలాహలం మింగిన శివుడు. అడిగినవాడు ఎవరో తెలిసి కూడా మూడడుగులు ధారపోసిన బలి. మొదటిది నికార్సైన భయం. రెండోది లోకం కోసం తీసుకున్న రిస్క్. మూడోది ఓడిపోతానని తెలిసి తీసుకున్న రిస్క్. ఒకే కవి, ఒకే స్కంధం కాబట్టి పక్కపక్కన పెట్టి చూడటం సులువు.

ఇక ఒక నోటుబుక్కు, పెన్సిలు, మీ గొంతు. ఈ పని కళ్లతో జరగదు, నోరు విప్పి చదవాలి. పద్యాన్ని నాలుగు పాదాలుగా ఒకసారి రాసుకోండి. పక్క పేజీలో అదే పద్యాన్ని వాక్యాలుగా విడగొట్టి, వాక్యానికో వరస చొప్పున మళ్లీ రాసుకోండి. మీకు కనబడబోయేవన్నీ ఈ రెండు పేజీల మధ్య తేడాలోనే ఉంటాయి.

మొదటి అడుగు: భయం ఒంట్లో ఎక్కడుందో చూడండి

తెలుగులో మనం భయాన్ని భయమని చెప్పేది తక్కువ. గుండె జారిందంటాం. కాళ్లూ చేతులూ ఆడలేదంటాం. గొంతు తడారిపోయిందంటాం. పై ప్రాణాలు పైనే పోయాయంటాం. అంతా ఒంటి భాష. పాత ఆలంకారికులు కూడా ఇదే గమనించారు. భయానక రసానికి స్థాయి, అంటే లోపల నిలిచి ఉండే మూల భావం, భయం. అది బయటపడేది మాత్రం చెమట, వణుకు, గొంతు మారడం, ఒంటి రంగు తగ్గడం, మూర్ఛ లాంటి వాటితో. నాట్యశాస్త్రం ఇలాంటివాటిని ఎనిమిది సాత్త్విక భావాలుగా లెక్కపెట్టింది. ఇప్పుడు పద్యం చదవండి:

లా వొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యె బ్రాణంబులున్
ఠావుల్ దప్పెను మూర్ఛ వచ్చె దనువున్ డస్సెన్ శ్రమంబయ్యెడిన్
నీవే తప్ప నితఃపరం బెరుగ మన్నింపందగున్ దీనునిన్
రావే యీశ్వర కావవే వరద సంరక్షింపు భద్రాత్మకా!

భయం అన్న మాట ఇందులో ఒక్కసారి కూడా లేదు. వాక్యాలుగా విడగొట్టిన పేజీ చూడండి. లావు, అంటే బలం, లేదు. ధైర్యం చెదిరింది. ప్రాణాలు చోటు తప్పాయి. మూర్ఛ వచ్చింది. ఒళ్లు డస్సింది. ఆయాసంగా ఉంది. రెండు పాదాల్లో ఆరు వాక్యాలు. నీళ్లలో మునిగి తేలుతున్నవాడికి పొడుగు వాక్యం చెప్పే ఊపిరి ఎక్కడిది? అమ్మ ఆగిన చోట్లు ఇవే.

ఇప్పుడు మొదటి పాదం చివర చూడండి. "ప్రాణంబులున్" అక్కడ ఉంది. దాని క్రియ "ఠావుల్ దప్పెను" రెండో పాదం మొదట్లో ఉంది. ప్రాణాలు చోటు తప్పాయని చెప్పే వాక్యం తానే చోటు తప్పి కింది పాదంలోకి జారింది. పోతన దీన్ని లెక్క వేసి చేశాడో, కలం అలా నడిచిందో అనవసరం. చదివేవాళ్లకు ఆ జారుడు తగులుతుంది, అది చాలు.

ఇంకొక్క సంగతి. ఇది నాకు చాలా ఆలస్యంగా కనబడింది. ప్రాస కోసం ప్రతి పాదంలో రెండో అక్షరం ఒకే హల్లు కావాలి. ఇక్కడ అది వకారం. ఆ వకారాన్ని మోస్తున్న మాటలు ఏమిటో వరసగా చదవండి: లావు, ఠావు, నీవే, రావే. బలం పోయింది, నిలబడే చోటు పోయింది, మిగిలింది నువ్వే, రా. గజేంద్రుడి కథంతా ప్రాస మాటల్లోనే నడిచింది. ఇకమీద ఏ పద్యం చదివినా ప్రాస అక్షరం పట్టుకుని వదిలేయకండి, ఆ అక్షరం ఏ మాటల్లో కూర్చుందో రాసుకోండి.

రెండో అడుగు: అర్థం పక్కన పెట్టి చప్పుడు వినండి

అదే కథలో కొంచెం ముందు ఈ కందం ఉంది:

కరి దిగుచు మకరి సరసికి
గరి దరికిని మకరి దిగుచు గరకరి బెరయన్
గరికి మకరి మకరికి గరి
భర మనుచును నతల కుతల భటు లరుదుపడన్

మొసలి ఏనుగును మడుగులోకి లాగుతుంది, ఏనుగు మొసలిని గట్టుకు లాగుతుంది. ఒకే హల్లు పదే పదే వచ్చింది కాబట్టి పరీక్షల్లో దీనికి వృత్త్యనుప్రాస అని రాస్తే మార్కులు వస్తాయి. ఆ పేరు దగ్గరే ఆగిపోతే మాత్రం పద్యం చేజారినట్టే. గట్టిగా నాలుగుసార్లు చదివి చూడండి. రెండో పాదం చివర, నాలుగో పాదం చివర తప్ప అన్నీ లఘువులే, అంటే పొట్టిగా పలికే అక్షరాలే. ఊపిరి పీల్చుకునే చోటు దొరకదు. "కరికి మకరి మకరికి గరి" దగ్గర నాలుక తడబడుతుంది, ఎవరు ఎవరిని లాగుతున్నారో ఒక క్షణం తెలియదు. ఒడ్డున నిలబడి చూసేవాడికి కనబడేదీ అంతే, నీళ్లు చిమ్మడం తప్ప.

పైగా "మకరి" అన్న మాటలోనే "కరి" ఉంది. మొసలి నోట్లో ఏనుగు చిక్కినట్టే ఈ మాట నోట్లో ఆ మాట చిక్కింది. పిల్లలకు ఇది చూపించి చూడండి, ఆ పద్యాన్ని వాళ్లు ఇక మరిచిపోరు.

మూడో అడుగు: సందేహాన్ని వెతకండి

భయంలో ఉన్న మనిషి నమ్మకంగా మాట్లాడితే మనకు నమ్మబుద్ధి కాదు. పోతనకు ఇది తెలుసు. తాను శరణు వేడుతున్న దేవుడి మీదే గజేంద్రుడి చేత అనుమానపు మాట అనిపించాడు:

కల డందురు దీనులయెడ
గల డందురు పరమయోగి గణములపాలం
గల డందు రన్నిదిశలను
గలడు కలం డనెడువాడు గలడో లేడో!

"అందురు" అన్న మాట కింద గీత గీయండి. ఉన్నాడని అంటారు. వాళ్లంటారు, వీళ్లంటారు. మూడుసార్లు లోకం మాట, చివర్లో ఒక్కసారి తన మాట: ఉన్నాడో లేడో. దీన్ని సందేహాలంకారం అనేస్తారు కొందరు. ఆ అలంకారానికి రెండు వస్తువుల మధ్య పోలిక కావాలి, ఇక్కడ పోలికే లేదు. ఇది ప్రాణం మీదికి వచ్చినవాడి ప్రశ్న, అంతే. ఉన్నాడో లేడో తెలియనివాణ్ణి పిలవడమే గజేంద్రుడు తీసుకున్న రిస్క్ అని నాకనిపిస్తుంది. తప్పకుండా వస్తాడని తెలిస్తే ఆ పిలుపులో తెగువ ఏముంది?

నాలుగో అడుగు: జరగనివాటిని లెక్కపెట్టండి

తెగువను చూపడం భయాన్ని చూపడం కంటే కష్టం. భయానికి వణుకుంది, చెమటుంది. తెగువకు ఒంట్లో గుర్తు ఏముంది? క్షీరసాగర మథనంలో పోతన ఒక దారి చూపించాడు. హాలాహలం చేత్తో తీసుకుంటున్న శివుణ్ణి వర్ణిస్తూ ఏం జరిగిందో కాదు, ఏం జరగలేదో చెప్పాడు:

కదలం బారవు పాప పేరు లొడలన్ ఘర్మాంబుజాలంబు పు
ట్టదు నేత్రంబులు నెర్రగావు నిజజూటాచంద్రుడుం గందడున్
వదనాంభోజము వాడ దా విషము నాహ్వానించుచో డాయుచో
బదిలుండై కడిసేయుచో దిగుచుచో భక్షించుచో మ్రింగుచోన్

మెడలో పాములు కదల్లేదు, చెమట పట్టలేదు, కళ్లు ఎర్రబడలేదు, జటలోని చంద్రుడు కందలేదు, ముఖం వాడలేదు. మొదటి అడుగులో మనం చెప్పుకున్న భయపు గుర్తుల జాబితా తెచ్చి దీని పక్కన పెట్టండి. చెమట, రంగు తగ్గడం అక్కడివే. కవి వాటిని పేరుపేరునా పిలిచి, ఒక్కొక్కటీ రాలేదని చెప్పాడు. కారణం ఎదురుగా ఉన్నా ఫలితం కనబడకపోతే ఆలంకారికులు దాన్ని విశేషోక్తి అన్నారు. ఇక్కడ ఆ పేరు నిజంగా పనికొస్తుంది, ఎందుకంటే అదే ఈ పద్యం నడిచే దారి.

తర్వాతి సగం నెమ్మదిగా చదవండి. పిలిచేటప్పుడు, దగ్గరికి వెళ్లేటప్పుడు, ముద్ద చేసేటప్పుడు, దించుకునేటప్పుడు, తినేటప్పుడు, మింగేటప్పుడు. ఒక్క గుటక పనిని ఆరు ముక్కలు చేశాడు. ప్రమాదం దగ్గరపడేకొద్దీ కాలాన్ని ముక్కలు చేసి నెమ్మదిగా నడిపితే చూసేవాళ్లకు టెన్షన్ పెరుగుతుంది. శివుడికి లేని చెమట మనకు పడుతుంది.

అయితే ఆ కథలో అసలు తెగువ ఎవరిదో దాని ముందరి కందం చెబుతుంది:

మ్రింగెడివాడు విభుం డని
మ్రింగెడిదియు గరళ మనియు మేలని ప్రజకున్
మ్రింగు మనె సర్వమంగళ
మంగళసూత్రంబు నెంత మది నమ్మినదో!

మింగేవాడు మొగుడు, మింగేది విషం. రెండూ తెలిసి "మింగు" అంది పార్వతి. ప్రాస మాటలు రాసుకోండి: మ్రింగె, మ్రింగె, మ్రింగు, మంగ. మూడు పాదాల్లో వినబడిన మింగుడు చప్పుడే నాలుగో పాదంలో మంగళసూత్రం చప్పుడుగా మారింది. భయపు మాట, నమ్మకపు మాట ఒకే శబ్దం మీద నిలబడ్డాయి. ఈ పద్యం చదివిన ప్రతిసారీ నేను చివరి పాదం దగ్గర కాసేపు ఆగిపోతాను.

లేదు, కాదు అనే క్రియలతో తొందరను కూడా చూపవచ్చు. గజేంద్రుడి పిలుపు విని విష్ణువు బయలుదేరే "సిరికిం జెప్పడు" పద్యం తీసుకుని అందులో "డు"తో ముగిసే క్రియలన్నీ వేరే రాసుకోండి. చెప్పడు, సంధింపడు, చీరడు, పన్నింపడు, ఒత్తడు, వీడడు. అక్కడ అవి పరుగెత్తిస్తాయి, ఇక్కడ శివుడి దగ్గర నిలబెడతాయి. పనిముట్టు ఒకటే, పని వేరు. ఆ పద్యం చివరి మాట "ఉత్సాహియై" అన్నది కూడా గుర్తుంచుకోండి. వీర రసానికి స్థాయి ఉత్సాహమే.

ఐదో అడుగు: భయానికి పూర్తి గొంతు ఇచ్చారో లేదో చూడండి

ఈ మార్గదర్శిలో నేను అన్నిటికంటే ముఖ్యమని అనుకునేది ఇదే. బలి కథలో తెగువకు అంత బరువు ఎక్కడి నుంచి వచ్చింది? బలి గురువు శుక్రాచార్యుడి నుంచి. మనం చిన్నప్పుడు ఆయన్ను అడ్డుపుల్ల వేసినవాడిగానే విన్నాం. పద్యాలు చదివితే అలా ఉండదు. ఆయన చెప్పింది నిజం. వచ్చినవాడు విష్ణువే, మూడడుగులతో అంతా పోతుంది. ఆ హెచ్చరికను పోతన ఎంత తేలిగ్గా, ఎంత తియ్యగా చెప్పించాడో చూడండి:

వారిజాక్షులందు వైవాహికములందు
బ్రాణవిత్తమానభంగమందు
జకితగోకులాగ్రజన్మరక్షణమందు
బొంకవచ్చు నఘము వొంద దధిప!

ఆటవెలది. సామెతలా జారిపోయే నడక. ప్రాణం, డబ్బు, మానం పోయే పరిస్థితిలో అబద్ధమాడితే పాపం లేదంటున్నాడు గురువు. ఇప్పటికీ మన ఇళ్లలో "బొంకవచ్చు నఘము వొంద దధిప" అని నవ్వుతూ వాడుకుంటాం. అంటే ఆ సలహా మనకు ఎక్కడో సబబుగానే తోస్తోంది. భయం ఎప్పుడూ బూచిలా రాదు. చాలాసార్లు మన మేలు కోరే పెద్దాయన గొంతుతో, మంచి తర్కంతో వస్తుంది. దాని నోట పేలవమైన మాటలు పెట్టిన కవి తన వీరుణ్ణి తానే పలచన చేసుకుంటాడు.

ప్రమాదాన్ని పోతన ముందే మాటల్లో దాచి ఉంచాడన్నది కూడా చూడండి. వామనుడు ఒకటి రెండడుగుల నేల అడుగుతూ "బ్రహ్మ కూకటి ముట్టెద" అంటాడు. పొంగిపోతానన్న అర్థంలో వినబడే మాట. కాసేపట్లో నిజంగానే బ్రహ్మలోకం దాకా పెరగబోతున్నవాడు ఆ మాట అంటున్నాడు. శ్లేష అంటే ఇలా ఉండాలి. వినేవాడికి ఒకటి, తెలిసినవాడికి ఒకటి.

ఇక బలి జవాబు:

కారే రాజులు రాజ్యముల్ గలుగవే గర్వోన్నతిం బొందరే
వారేరీ సిరి మూటగట్టుకొని పోవంజాలిరే భూమిపై
బేరైనం గలదే శిబి ప్రముఖులుం బ్రీతిన్ యశఃకాములై
యీరే కోర్కులు వారలన్ మరచిరే యిక్కాలమున్ భార్గవా!

రాజులు కాలేదా? రాజ్యాలు రాలేదా? వాళ్లేరీ? సిరి మూటగట్టుకుపోగలిగారా? జవాబు చెప్పవలసింది శుక్రుడు, కానీ ఒక్కదానికీ జవాబు లేదు. గొంతు విరుపుతో అర్థం తిప్పేదాన్ని కాకువు అంటారు. ఇప్పుడు ఈ పద్యాన్ని "లావొక్కింతయు" పక్కన పెట్టండి. ఛందస్సులో రెండూ శార్దూల వృత్తాలే. పాదానికి 19 అక్షరాలు, అవే గణాలు, అదే యతి స్థానం. ఒకదాంట్లో వాక్యం క్రియ దగ్గర విరిగి ఊపిరి అందకుండా పోయింది. రెండోదాంట్లో వాక్యం విరిగిన ప్రతిచోటా ప్రశ్న లేచింది. ఛందస్సుకు తనంతట తానుగా భయం గానీ తెగువ గానీ ఉండదని నాకు ఈ రెండు పద్యాలే నేర్పాయి.

బలి ఇంకో పద్యంలో, అదీ శార్దూలమే, లెక్కను తలకిందులు చేస్తాడు. లక్ష్మీదేవి కొప్పు మీద, ఒంటి మీద, పైట మీద, పాదాల మీద, బుగ్గల మీద ఆడిన చెయ్యి కింద ఉండి నా చెయ్యి పైన ఉండటం మేలు కాదా అంటాడు. పోగొట్టుకునేది రాజ్యం, దొరికేది ఒక క్షణం పాటు ఆ చేతి మీద తన చెయ్యి. అంత పెద్ద వాదాన్ని ఒక్క చెయ్యి మోస్తుంది. వెంటనే "రాజ్యము గీజ్యమున్ సతతమే" అంటాడు. డబ్బూ గిబ్బూ, పెళ్లీ గిళ్లీ అని మనం రోజూ అనే మాట తీరే అది. ముల్లోకాల రాజ్యాన్ని "గీజ్యం" అన్న ఒక్క మాటతో తేల్చి పారేశాడు. గంభీరమైన పద్యంలో ఇంటి మాట పడితే దాని పదును వేరు. రిస్క్ తీసుకునేవాడికి పోయేదాని మీద పట్టు ఎంత సడలిందో ఆ ఒక్క మాట చెబుతుంది.

చివరికి "నిరయంబైన నిబంధమైన ధరణీనిర్మూలనంబైన" అంటూ నరకం, బంధనం, నేల పోవడం, దుర్మరణం, కులనాశనం వరకు వరసపెట్టి, "రానిమ్ము కానిమ్ము పో" అంటాడు. జాబితాలో ఒక్కటీ చిన్నది కాదు. భయపడవలసినవన్నీ తానే పైకి చెప్పాక ఇక భయపెట్టేవాడికి చెప్పడానికి ఏమీ మిగలదు.

ఆరో అడుగు: పరిమాణం

దీని మీద ఎక్కువసేపు ఉండనక్కరలేదు. "ఇంతింతై వటుడింతయై" అందరికీ వచ్చు. దాని తర్వాతి "రవిబింబం బుపమింప" పద్యం చూడండి. సూర్యుడు మొదట వామనుడికి గొడుగు, తర్వాత తలపై రత్నం, చెవి పోగు, మెడలో నగ, భుజకీర్తి, కంకణం, మొలగంట, అందె, చివరికి పాదపీఠం. సూర్యుడు ఉన్నచోటే ఉన్నాడు, పెరిగింది వామనుడు. ఎదురుగా ఉన్నది ఎంత పెద్దదో చెప్పాలంటే కదలనిది ఒకటి పక్కన పెట్టి కొలవాలి.

ఏడో అడుగు: మీరే రాసి చూడండి

ఛందస్సు రానక్కరలేదు, వచన కవితలోనూ ఇవే పనిముట్లు. మీరు నిజంగా భయపడి, అయినా చేసిన ఒక పని తీసుకోండి. నేను బావిలో ఈత నేర్చుకున్న రోజు తీసుకున్నాను. మొదటి చిత్తు ఇది:

బావి గట్టు మీద నిలబడి
చాలా భయపడ్డాను
అయినా ధైర్యం తెచ్చుకుని
దూకేశాను

చెప్పవలసినదంతా ఉంది, చదివినవాళ్ల ఒంటికి మాత్రం ఏమీ తగలదు. భయం, ధైర్యం అన్న రెండు మాటలూ కొట్టేసి మళ్లీ రాశాను:

గట్టు రాయి అరికాలికింద కాలుతోంది
నడుముకు కట్టిన ట్యూబు రెండోసారి తడిమాను
నీళ్లలోంచి అన్నయ్య, "లోతేం లేదురా"
మొన్న బకెట్ పడితే
గాలానికి కట్టిన తాడు చాల్లేదట
బొటనవేలు ముందు వెళ్లింది
తర్వాత నేను

తాడు చాలని సంగతి ఇందులో నా శుక్రాచార్యుడు. అది లేకపోతే అన్నయ్య మాటే గెలుస్తుంది, దూకడంలో విశేషం ఉండదు. రాసేటప్పుడు మీ భయం నోట అన్నిటికంటే గట్టి వాదం పెట్టండి, దాన్ని ఓడించే ప్రయత్నం మాత్రం చేయకండి. నేను తాడుకు జవాబు చెప్పలేదు. వాక్యాలు ఎక్కడ విరిగాయో చూసుకోండి, గట్టిగా చదివి మీ ఊపిరి ఎక్కడ ఆగిందో అక్కడ పాదం తుంచండి. పోలికలు ఇప్పుడే వద్దు. బావిని కొండచిలువ నోరుతో పోల్చాలని నాకూ అనిపించింది, కానీ గాలం తాడు చేసిన పని ఆ పోలిక చేయలేదు.

ఈ చిత్తులో మొదట ఇంకో పాదం ఉండేది: "భయం గట్టు మీదే ఉండిపోయింది" అని. రెండు రోజులు ఉంచి కొట్టేశాను. కవితలో ఉన్న పిల్లవాడు ఇంకా గాలిలోనే ఉన్నాడు, నీళ్లు ఇంకా తగల్లేదు.